పైడి వాళ్ళ పిన్ని

"పిన్నీ" అంది పైడి, నూకాలు చేతిలో ఉన్న బన్నుకేసి చెయ్యి చాపి.

నూకాలు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. సముద్రం గాలికి తడిక తలుపు కొట్టుకుంటోంది. ఆ ఇంట్లో ఆ పిలుపుకి పలకాల్సిన మనిషి తను తప్ప ఇంకొకరు లేరు.

"ఏటన్నావే?"

"పిన్నీ, బన్ను."

రెండేళ్ళు నిండని పిల్ల. నీళ్ళని "నీయి" అంటుంది, చేపని "పేప" అంటుంది. ఈ మాట మాత్రం ఎక్కడా నలగకుండా పలికింది. నూకాలు బన్ను ఇచ్చింది. పిల్ల అది పట్టుకుని, ఒళ్ళోకి రాకుండా, బుడిబుడి అడుగులేసుకుంటూ పెరట్లోకి పోయింది. అక్కడ ఇసకలో పాత వల పరిచి, దాని మీద నెత్తళ్ళు ఎండబోసి, వంగి తిరగేస్తోంది తవిటమ్మ. పైడి ఆమె వీపు మీద వాలిపోయి, "అమ్మా, ఆమ్" అంది. తవిటమ్మ చేపల చేతులు దూరంగా పెట్టుకుని, మెడ వెనక్కి తిప్పి, నోరు తెరిచి, పిల్ల పెట్టిన ముక్క తింది.

ఏడు నెలల కడుపుతో మద్దిలపాలెంలో కాళ్ళు పీకేదాకా నిలబడి, భీమిలి బస్సెక్కి వచ్చింది ఈ ముచ్చట చూడ్డానికా అనిపించింది నూకాలుకి. తవిటమ్మ పరాయిది కాదు, తోడబుట్టిన అప్ప. అందుకే మరీ మండింది. పరాయిదైతే జుట్టు పట్టుకునేది.

పిల్లని ఇక్కడికి పంపింది తనే. హార్బరులో బోటు మీదికి వెళ్ళే మొగుడు ఎల్లారావుకి దగ్గులో నెత్తురు పడితే ఛాతీ ఆసుపత్రికి తీసుకుపోయారు. టీబీ అన్నారు. కళ్లె పరీక్షలో పురుగులు లేవని తేలేదాకా చంటిపిల్లని ఆ ఇంట్లో ఉంచొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కబురు అందిన మర్నాడే తవిటమ్మ వచ్చి పైడిని చంకనేసుకుని పోయింది. అప్పుడు నూకాలు దాని కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేసింది.

"అప్పా, ఇదేటి, నన్ను పిన్ని అంతంది?"

"అననీయే. ఏటైపోద్ది?" తవిటమ్మ తలెత్తలేదు. వేళ్ళతో చేపల్ని ఒత్తి చూస్తూ, పచ్చిగా ఉన్నవాటిని ఎండలోకి జరుపుతోంది.

"నిన్నేమో అమ్మ అంతంది."

"ఊఁ."

"నువ్వు నేర్పినావా?"

"నానే నేర్పినాను."

ఇంత మొహం మీద చెప్తుందని నూకాలు అనుకోలేదు. పిల్ల తనకి తానే అలా అలవాటు పడిపోయింది, నానేటి సేసేది అని నసుగుతుందనుకుంది. నసిగితే కడిగేద్దామనుకుంది. నోట్లో సిద్ధంగా ఉన్న మాటలన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎందుకు?"

తవిటమ్మ పైడి మూతికి అంటిన బన్ను పొడి తన మోచేత్తో తుడిచింది. "కొన్నాళ్ళే. మరి అడక్కు. అడిగినా సెప్పను."

తిరుగు బస్సులో నూకాలు ఆ మాటనే నమిలింది. కొన్నాళ్ళేనట. అసలు తల్లిని పట్టుకుని అడక్కు అంటుందా. పెళ్ళై ఇన్నేళ్ళైనా కడుపు పండని మనిషి, దొరికిందే సందని తన పిల్లని లాక్కుంటోంది. ఇందులో అర్థంకానిది ఏముందని. అప్ప పెట్టిన ఎండు చేపల పొట్లం ఒళ్ళో కంపు కొడుతోంది. కిటికీలోంచి విసిరేద్దామనుకుంది గానీ కూరకి పనికొస్తాయని ఊరుకుంది.

మర్నాడు రొయ్యల షెడ్డులో పని. రొయ్య తల గిల్లెయ్యాలి, పొట్టు ఒలవాలి, వీపు మీది నల్ల నరం గోటితో పైకి లేపి తెగకుండా లాగాలి, ఐసు నీళ్ళ టబ్బులో పడెయ్యాలి. తెగితే సూపర్‌వైజరు గిన్నె వెనక్కి తోస్తాడు. కడుపు బల్లకి తగులుతుంటే నూకాలు పక్కకి తిరిగి నిలబడి ఒలుస్తోంది. అలా నిలబడితే నడుము ఒక్కవైపే లాగేస్తుంది. ఆవేళ నరాలన్నీ తెగుతున్నాయి. తల మీది ముల్లు బొటనవేల్లో దిగింది.

"మనసెక్కడుంది నీకు?" అంది పక్క బల్ల దగ్గర పాపాయమ్మ. ఆ షెడ్డులో ఎవరింట్లోనూ ఏదీ ఆవిడకి తెలియకుండా ఉడకదు.

నూకాలు చెప్పేసింది. చెప్పకూడదని అనుకుంటూనే అంతా చెప్పేసింది.

పాపాయమ్మ చేతులు ఆగలేదు. "మా ఆడపడుసు ఇలాగే, రెండో పురిటికని పెద్దోడ్ని మా అత్త కాడ ఒగ్గేసి ఎల్లినాది. తరవాత తీసుకెల్తానన్నాది. పసిగుంటతో తీరితేనా. ఇప్పుడాడికి మీసాలొచ్చినాయి. తల్లి వొత్తే సుట్టం వొచ్చినట్టు పీట ఏసి మంచినీల్లిత్తాడు."

"మా అప్ప అలాటిది కాదు."

"నానెవల్నన్నాను? మా అత్తా మంచిదే."

ఇంకో ముల్లు దిగింది. నూకాలు వేలు నోట్లో పెట్టుకుంది. ఉప్పగా, ఐసు చల్లదనంతో, ఎవరి వేలో అన్నట్టు ఉంది. రెండు నెలల్లో ఈ కడుపులోది బయటికొస్తుంది. పురుడు, పాలు, మొగుడికి సూదులు, ముసలత్త. భీమిలి వెళ్ళడానికి తెరిపి ఎక్కడ. పైడిని ఇప్పుడు తెచ్చుకోకపోతే మరి తెచ్చుకోలేదు. పిల్ల తనకి పీట వేస్తుంది. ఆ పూటంతా ఆ పీటే నూకాలు కళ్ళకి కట్టింది.

సాయంత్రం జాలరిపేటలో ఇంటికి వెళ్ళేసరికి ఎల్లారావు బయట బోర్లించిన తెప్ప నీడలో కూచుని వల బాగు చేస్తున్నాడు. ఎవరిదో వల. బోటు మీదికి వెళ్ళొద్దన్నారు గాని చేతులు ఊరుకోవు. పక్కన మూత డబ్బా, అందులో ఫినాయిలు. దగ్గొచ్చినప్పుడల్లా మొహం సముద్రం వైపు తిప్పుకుని, డబ్బా మూత తీసి అందులో ఉమ్మి, మళ్ళీ పెట్టేస్తాడు. అంతవరకూ భార్యని దగ్గరికి రానివ్వడు.

"గుంట ఎలాగున్నాది?" అన్నాడు అంత దూరం నుంచీ. నిన్న రాత్రి అడిగాడు, పొద్దున్న అడిగాడు, ఇప్పుడూ అడిగాడు.

"బాగున్నాది. నాను పిన్నినంట. మా అప్ప అమ్మంట."

ఎల్లారావు నవ్వాడు. "మరి నానేటంట? సిన్నాయనా?"

"నవ్వుతావేటి మావా? కడుపు రగిలిపోతంది నాకు."

వాకిట్లో బియ్యం ఏరుతున్న అత్త పోతమ్మ చేట కిందపెట్టింది. "కడుపుతో ఉన్నదానికి కడుపుమంట పనికిరాదే. లోపలున్నది మాడిపోద్ది. పిల్ల తింతందా, తొంగుంతందా, అది సూడు. పేరు ఏదైతేనేటి."

"మీకలాగే ఉంతది అత్తా. మీ కొడుకు మిమ్మల్ని అమ్మా అనే పిలుత్తాడు గదా."

పోతమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"లచ్చివారం కళ్లె పరీచ్చ తెలుత్తాది" అన్నాడు ఎల్లారావు సూదితాడు పళ్ళతో కొరుకుతూ. "బాగుందంతే ఆ రోజే ఎల్లి తెచ్చేసుకో. లేదంతే లేదు. మధ్యలో ఏ పని సెయ్యకు నూకాలూ."

నూకాలు లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. దండెం మీద పైడి చిన్న గౌను వేలాడుతోంది. పంపేటప్పుడు తడిగా ఉందని ఒదిలేసింది. దాన్ని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. భీమిలిలో అప్ప కొత్త గౌను కుట్టించింది, ఎర్రపూలది. దాని జేబుకి కుచ్చు కూడా ఉంది. పిల్ల ఆ కుచ్చునే పట్టుకుని నడిచింది. అదీ కుళ్ళే. కుళ్ళని నూకాలుకి తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా ఏమిటి.

లక్ష్మివారం ఆసుపత్రిలో బెంచీల మీద చోటు లేదు. ఆమె కడుపు చూసి ఎవరో ముసలాయన లేచాడు. ఎల్లారావు ఆమెకి దూరంగా, గుమ్మం దగ్గర గాలికి నిలబడ్డాడు. చేతిలో టవలు మడత మూతికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఒక బోటు అంచు మీంచి ఇంకో బోటు అంచు మీదికి ఒక్క ఊపున దూకేవాడు, ఇప్పుడు లాల్చీ లోపల గూడ ఎముకలు కనపడుతున్నాయి. అతన్ని చూసి జాలేసింది. జాలితోపాటే, నువ్వు దగ్గకపోతే నా పిల్ల నా దగ్గరే ఉండేది కదా అని కోపమూ వచ్చింది. ఆ కోపానికి సిగ్గేసి తల తిప్పుకుంది.

డాక్టరమ్మ కాగితం చూసి, కళ్ళజోడు తీసి పెట్టింది. "తగ్గాయి. బాగా తగ్గాయి. కాని ఇంకా ఉన్నాయి. సూదులు మానకుండా వేయించుకుంటే వచ్చే నెల పరీక్షకి పోవచ్చు."

"గుంటని తెచ్చుకోవచ్చా అమ్మా?"

"ఇంకా ఉన్నాయని చెప్తున్నాను కదా. పెద్దవాళ్ళకి వేరు, రెండేళ్ళ పిల్లకి వేరు. అది మెదడుకి ఎక్కిందంటే నేను చెయ్యగలిగింది ఉండదు. నెల ఓపిక పట్టండి."

నెల. తరవాత ఇంకో నెల అంటుంది. ఈలోగా తనకి నొప్పులు. బయటికొచ్చాక ఎల్లారావు ఆమె మొహం చూసి, "సరేలే, తగ్గినాయన్నాది గదా" అన్నాడు.

"నువ్వు ఇంటికెల్లు మావా. నాను భీమిలి ఎల్లి గుంటని సూసొత్తాను."

"ఈయేల ఎందుకు? మొన్నే గదా ఎల్లినావు."

"సూసొత్తానన్నాను గదా."

ఎల్లారావు ఆమెకేసి చూశాడు. ఏదో అనబోయి దగ్గొచ్చి పక్కకి తిరిగాడు. దగ్గు ఆగి మళ్ళీ ఇటు తిరిగేసరికి నూకాలు గేటు దాటింది.

బస్సులో కూచుని అప్పకి చెప్పాల్సిన మాట ఒకటి కట్టుకుంది. ఎన్నిసార్లు అనుకున్నా అది అబద్ధంలా వినిపించలేదు. బాగా తగ్గాయనే కదా డాక్టరమ్మ అంది. ఎల్లారావు బయట తెప్ప దగ్గరే ఉంటాడు, పిల్ల లోపల అత్త దగ్గర ఉంటుంది. గోడ ఉంది కదా మధ్యన. జాలరిపేటలో ఇంకెంతమందికి దగ్గు లేదు, వాళ్ళ పిల్లలు బతకడం లేదా. తగరపువలస దాటేసరికి తను చేస్తున్నదంతా న్యాయంగానే కనపడింది.

తవిటమ్మ గుమ్మంలో కూచుని పైడి తల దువ్వుతోంది. వేళ కాని వేళ చెల్లెల్ని చూసి దువ్వెన ఆపింది.

"ఏటైనాది? ఎల్లారావుకి..."

"ఏటీ నేదు. పరీచ్చ బాగొచ్చినాది. పురుగులు నేవన్నారు." నూకాలు గడపకేసి చూస్తూ చెప్పింది. "పిల్లని తీసుకెల్లిపోమన్నారు."

తవిటమ్మ మొహంలో ఏం కనపడుతుందా అని నూకాలు కాచుకుని చూసింది. ఏడుపు కనపడితే బాగుండునని కూడా అనుకుంది. తవిటమ్మ దువ్వెన పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తి సముద్రం వైపు దణ్ణం పెట్టింది. కాసేపు ఆ చేతులు దించలేదు.

"నా తల్లే. గట్టెక్కినారు" అంది. "రా, కూకో. కాళ్ళు సూడు ఎలా వాచిపోనాయో. ఇప్పుడు సెప్పొచ్చు నీకు. ఇందాకటి దాకా సెప్పకూడదు. సెప్తే పని సెయ్యదంతారు."

"ఏటి?"

"మనమ్మని నాను ఏటని పిలిసేదాన్ని?"

"పిన్ని అని."

"ఎందుకో ఎప్పుడన్నా అడిగినావా?"

నూకాలు అడగలేదు. అప్ప అమ్మని పిన్ని అంటుంది, అంతే. కొంతమంది తండ్రిని బావు అంటారు, కొంతమంది అయ్య అంటారు. పుట్టినప్పట్నుంచీ వింటున్న మాటకి ఎందుకని ఎవరడుగుతారు.

"నాకు ముందు పుట్టినోలెవలూ నిలవనేదు" అంది తవిటమ్మ. "నాను పుట్టగానే మంత్రసానికి అమ్మీసినారు. సేటడు తవుడు ఇచ్చి కొనుక్కున్నాదంట. తవిటమ్మనైనాను. తెచ్చి పెంచినారు గానీ అమ్మా అని పిలవనిత్తేనా. కీడు వొచ్చి, ఈ ఇంట్లో తల్లెవలు, దాని బిడ్డెవలు అని ఎతుక్కుంతదంట. ఈ గుంట ఎవలదో తెలకపోతే ఒట్టి సేతుల్తో ఎలిపోద్దంట. నాను బతికినాను గదా." ఆమె పైడి జడకి రిబ్బను కట్టి ముడేసింది. "మీ ఇంట్లో నెత్తురు పడతందన్నారు. నీకు సూత్తే కడుపు. నాకింకేటి తెలుసే? మందులు తెలుసా, మాకులు తెలుసా? నాకు సేసిందే దీనికి సేసినాను."

నూకాలు గడప మీద కూచుంది.

"అబద్దం ఎందుకూ" తవిటమ్మ నవ్వింది. "అనిపించుకుంతే బాగున్నాది. పొద్దున్నే లేసి అమ్మా అంతే, ఎవల్నో అనుకుని అటూ ఇటూ సూసీదాన్ని. నువ్వంతే నాకు కుళ్ళుండీదే సిన్నప్పుడు. నువ్వు పుట్టినప్పటికి ఇంక బయం నేదన్నారు. నువ్వు హాయిగా అమ్మా, అమ్మా అని కొంగు పట్టుకుని తిరిగీదానివి. నాను పక్కనే ఉండీదాన్ని. అమ్మ సచ్చిపోయీముందు సెయ్యి పట్టుకుని, ఇప్పుడైనా అమ్మా అందామనుకున్నాను. నోరు తిరగనేదు. పిన్నీ అనీసినాను."

ఆమె లేచి లోపలికి వెళ్ళి పైడి బట్టలు తెచ్చింది. ఎర్రపూల గౌను, ఊలు టోపీ, గవ్వల గిలక. అన్నీ ఒక గుడ్డలో మూట కట్టింది. ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూసింది. తరవాత పిల్ల ముందు గొంతుక్కూచుంది.

"పైడీ, ఇటు సూడు. నాను అమ్మని కాదు. పెద్దమ్మని. అదిగో, అది అమ్మ. కీడు ఎలిపోనాది. ఇంక బయం నేదు. అమ్మా అని పిలు."

పైడి ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది. పెద్దవాళ్ళ ఆటలు ఎప్పుడు మారతాయో దానికేం తెలుసు. వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించి, నూకాలుకేసి తిరిగి, "అమ్మా" అంది.

ఇన్ని రోజులుగా ఆ మాట కోసం కాలిపోయింది నూకాలు. వినపడ్డాక చేతులు చాపలేకపోయింది. వెళ్ళిపోయిందంటున్న కీడు ఎక్కడికీ వెళ్ళలేదు. జాలరిపేటలో తెప్ప నీడన మూత డబ్బా పక్కన పెట్టుకుని కూచునే ఉంది. ఆ సంగతి ఇక్కడ తన ఒక్కదానికే తెలుసు.

అయినా పిల్లని ఎత్తుకుంది, మూట పుచ్చుకుంది. గబగబా వీధిలోకి నడిచింది. చేతికి చిక్కిన పిల్లని దింపడానికి మనసొప్పలేదు.

స్టాండులో బస్సు సిద్ధంగా ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు. నూకాలు కిటికీ పక్క సీట్లో పైడిని ఒళ్ళో కుదురుగా కూచోబెట్టుకుంది. కడుపు అడ్డొస్తే పక్కకి జరిపింది. లోపలున్నది ఒక్క తన్ను తన్నింది. పైడికి ఆ తన్ను తగిలి, కడుపు మీద చెయ్యి వేసి నవ్వింది. ఎన్నాళ్ళకి. నూకాలు దాని తల వాసన చూసింది. అప్ప రాసిన కొబ్బరినూనె వాసన వచ్చింది. పోనీ, రేపు తను తలంటి పోస్తే పోతుంది.

"అయ్య?" అంది పైడి.

"ఆఁ, అయ్య కాడికే."

"అయ్య ఆమ్" అంది పైడి ఉత్సాహంగా, నోరు పెద్దగా తెరిచి.

ఎల్లారావు అన్నం తింటుంటే పైడి ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి ఒళ్ళో కూలబడేది. అతను తన నోట్లో నమిలి మెత్తన చేసిన చేప ముక్క, ముల్లు లేకుండా చూసి, దాని నోట్లో పెట్టేవాడు. రోజూ అదే. ఏ గోడ ఆపుతుంది దీన్ని. అయ్యని చూడగానే తెప్ప కిందికి పరిగెడుతుంది. అతను దగ్గు ఆపుకోలేక, పిల్లని తోసెయ్యలేక, అక్కడే చచ్చిపోతాడు. నూకాలు పిల్ల తెరిచిన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

పక్క సీట్లో కూరల బుట్టతో ఒక ముసలమ్మ వచ్చి కూచుంది. పైడి బుగ్గ పుణికి, "బంగారులాగున్నాది గుంట. ఇదెవలే నీకు?" అంది నూకాలుని చూపించి.

"అమ్మ" అంది పైడి. కొత్తగా నేర్చుకున్న పాఠం, గట్టిగా చెప్పింది.

"కాదమ్మా" అంది నూకాలు. ముసలమ్మకి చెప్పడం కాదు, ఇంకెవరో వింటున్నట్టు చుట్టూ చూసి మరీ చెప్పింది. "నాను దీని పిన్నిని. ఇది మా అప్ప కూతురు."

డ్రైవరు వచ్చి బండి కదిపాడు. "ఆపండి బాబూ, దిగాల" అంది నూకాలు. దిగుతుంటే ముసలమ్మ మూట అందించింది. కండక్టరు విసుక్కున్నాడు.

పెరటి సందు మొదట్లోంచే తవిటమ్మ కనపడింది. నెత్తళ్ళు ఎత్తడం మానేసి, వాటి మధ్యనే ఇసకలో కూచుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. చెల్లెల్ని చూసి గభాలున లేచింది. కళ్ళు తుడుచుకోడం కూడా మరిచిపోయింది.

"అబద్దం ఆడినానప్పా" అంది నూకాలు. "ఇంకా ఉన్నాయన్నారు. పోనేదు."

తవిటమ్మ తిట్టలేదు. ముందుకి రాబోయి ఆగిపోయింది. రావచ్చో రాకూడదో తెలియక అలాగే నిలబడింది.

నూకాలు పైడిని కిందకి దింపి, గౌను సరిచేసి, భుజాలు పట్టుకుని అటు తిప్పింది.

"అదిగోనే, మీ అమ్మ. ఎల్లు."

పిల్ల "అమ్మా" అంటూ ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నూకాలు చూసింది. చూడలేదు. కడుపు భగ్గున మండింది. మండనీ అనుకుని, మూట చంకన పెట్టుకుని వాళ్ళ వెనకాలే నడిచింది.